చేజారిన జెండా



అమెరికాలో ఉన్న కూతురు ఫోను చేసి "నీ మనవరాలు కలర్ గార్డ్‌లో చేరిందమ్మా" అంటే, బొమ్మలకు రంగులు వేయడం కాబోలు అనుకునేరు! నేనూ అలాగే అనుకున్నాను. ఇక్కడ కలర్ అంటే రంగు కాదు, పటాలం జెండా. దాన్ని నేల పడకుండా కాచే సైనికులకు ఆ పేరుండేది. మొదటి ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు అమెరికా ఊళ్ళలో బ్యాండు దళాలు పెట్టుకుంటే, జెండాలు పట్టేవాళ్ళూ వాటితో నడిచారు. పోనుపోను ఆ నడకలో నాట్యం కలిసింది. చలికాలంలో వీళ్ళకి విడిగా పోటీలు కూడా వచ్చాయి; 1977లో వింటర్ గార్డ్ ఇంటర్నేషనల్ అనే సంస్థ ఏర్పడింది.

ఇప్పుడు హైస్కూళ్ళలో దీన్లో ఎక్కువమంది ఆడపిల్లలే. ఆరడుగుల కర్రకి పట్టులాంటి గుడ్డ కట్టి తిప్పుతారు. పేలని కొయ్య తుపాకీ, పదునులేని కత్తీ కూడా ఎగరేసి పట్టుకుంటారు. ఫుట్‌బాల్ ఆట విరామంలో బ్యాండుతోపాటు మైదానంలోకి వస్తారు. ఒకటి నుంచి ఎనిమిది దాకా మనసులో లెక్కపెట్టుకుంటూ కదలాలి. ఏ అంకెకి ఎవరెక్కడుండాలో ముందే నిర్ణయం. ఒక పిల్ల రెండడుగులు అటు జరిగిందా, పక్కపిల్ల కర్ర తలకి తగులుతుంది.

బడి తెరవకముందే ఎండలో సాధన. మోచేతులు కమిలిపోయేవి. "చదువుకునే పిల్లకి ఈ కర్రసామెందుకు, మానిపిస్తాను" అంది మా అమ్మాయి. నేనూ వంత పాడాను. అసలే నలుగురిలో నోరు విప్పని పిల్ల, అంతమంది ముందు తప్పు చేస్తే ఏమైపోతుందోనని నా భయం.

ఆ భయమే నిజమైంది సుమండీ! నేను చూసిన మొదటి ఆటలోనే, పైకి ఎగరేసిన జెండా చేజారి నేలమీద పడింది. గబుక్కున కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి పిల్ల వంగి కర్ర తీసుకుంది. పోయిన అడుగులు మళ్ళీ వేయబోలేదు. తక్కినవాళ్ళు ఏ అంకెలో ఉన్నారో అక్కడ కలిసిపోయింది. మొహాన నవ్వు చెదరలేదు. ఇంటికొచ్చాక ఓదార్చబోతే, "ఎవరికైనా పడుతుందమ్మమ్మా. నేను ఆగిపోతే నా వెనకమ్మాయికి దారుండదు" అంది.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. దాని తల్లి చిన్నప్పుడు చేతిలో గ్లాసు జారితే నేనెంత అరిచేదాన్నో గుర్తొచ్చింది. పడెయ్యకు, పడెయ్యకు అని వందసార్లు చెప్పాను గానీ, పడ్డాక ఏం చెయ్యాలో ఒక్కసారైనా చెప్పానా?

దాచడమెందుకు, ఆ ఏడాది మార్కులు కాస్త తగ్గాయి. దుస్తులకీ ప్రయాణాలకీ డబ్బూ అయింది. పిల్లని చేర్పించేముందు ఖర్చెంతో, సాధన ఏ వేళకి ముగుస్తుందో అడిగి తెలుసుకోవడం మంచిది. మానిపించే మాట మాత్రం మా అమ్మాయి మళ్ళీ ఎత్తలేదు.

నోరు విప్పని ఆ పిల్లే ఇప్పుడు కొత్తగా చేరిన నలుగురికి నేర్పుతోంది. "మొదటిరోజు ఏం నేర్పావే?" అని కిందటివారం ఫోనులో అడిగాను.

"కావాలనే కర్ర కింద పడెయ్యమన్నాను అమ్మమ్మా. తీసుకోవడం వచ్చాక, అప్పుడు ఎగరెయ్యడం" అంది.