ఎడమ చేయి ఏం చేస్తోంది?

హార్మోనియం వాయించేవాణ్ణి చూసినప్పుడు మన కళ్ళు అతని కుడిచేతి మీదే వుంటాయి. వేళ్ళు పరుగులు తీసేది అక్కడే గదా! ఎడమ చేతిని చూడమని నాకు చెప్పినాయన, డెబ్బయ్యో పడి దాటిన ఒక నాటకాల హార్మోనిస్టు.

గుంటూరు జిల్లాలో ఒక వూరి తిరునాళ్ళు. రాత్రికి రాయబారం. పొద్దువాలే వేళ స్టేజి వెనక పందిట్లో ఆయన పెట్టె పక్కనే ఒక కుర్రవాడు ఎలక్ట్రానిక్ కీబోర్డుకు స్టాండు బిగించుకుంటున్నాడు. వచ్చే యేడు ఇద్దరిలో ఒకరినే పిలుస్తామని కమిటీవారు మధ్యాహ్నమే చెప్పేశారట. ఆ సంగతి తెలిసి కూడా ఇద్దరూ ఒకే పొట్లంలోని పకోడీలు తింటున్నారు.

"మీది ఎన్ని మెట్లు మాస్టారూ?"

"నలభై రెండు. నీదో?"

"అరవై ఒకటి."

"పియానోకు ఎనభై ఎనిమిది. మనిద్దరం దాని ముందు పిల్లకాయలమేలే!" అన్నాడు మాస్టారు.

పైకి చూస్తే మూడూ ఒక తల్లి బిడ్డలే. అవే తెల్లమెట్లు, అవే నల్లమెట్లు. లోపలి కాపురాలు మాత్రం వేరు. ఫ్లారెన్సులో క్రిస్టోఫొరీ 1700 ప్రాంతంలో తయారుచేసిన పియానోలో మెట్టు నొక్కితే చిన్న సుత్తి వెళ్ళి తీగను కొడుతుంది. మెల్లిగా నొక్కితే మెల్లిగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. కాని కొట్టిన మరుక్షణం నుంచీ నాదం క్షీణించడమే! వాయించేవాడికి దాన్ని నిలబెట్టే పని లేదు గనుక రెండు చేతులూ మెట్ల మీదనే ఆడతాయి.

హార్మోనియం సంగతి అది కాదు. ప్యారిస్‌లో డెబైన్ 1840ల్లో పేటెంటు పుచ్చుకున్న పెట్టెకు కాళ్ళతో గాలి కొట్టేవారు. మనం నేలమీద మఠం వేసుకు కూర్చునేవాళ్ళం. కాళ్ళు ఎక్కడ పెడతాం? అంచేత కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ వంటివారు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో దాన్ని చేతిపెట్టెగా మార్చారు. వెనక తిత్తి, ముందు మెట్లు.

"మెట్టును గుద్దు, నిమురు, ఒకటే మోత," అన్నాడు మాస్టారు. "వూపిరంతా ఎడమచేతిలో వుంది. అది చూడండి."

చూశాను. తిత్తి మీద ఆ చేయి పసిపిల్లను జోకొడుతున్నట్టుంది.

ఇంత వూపిరి వున్న పెట్టెకు వున్న లోపం ఒక్కటే. అది గమకం. మన సంగీతంలో స్వరం నిలుచోదు, నడుస్తుంది. తోడిలో గాంధారాన్ని బల్లపరుపుగా పలికిస్తే అది వట్టి గాంధారమే. వూపితేనే తోడి. హార్మోనియం మెట్టుకు ఆ వూపు లేదు. పైగా పియానో లెక్కన స్థాయిని పన్నెండు సమభాగాలు చేస్తే, అంతర గాంధారం వుండవలసిన చోటికన్నా అరమెట్టులో ఏడో వంతు హెచ్చుగా పలుకుతుంది. ఇంత కొంచెమేగా అంటారా? తంబురా పక్కన విని చెప్పండి!

ఈ నేరాలకే ఆలిండియా రేడియో 1940 మార్చి 1న హార్మోనియాన్ని వెలివేసింది. రవీంద్రుడికీ అది గిట్టేది కాదు. చిత్రమేమిటంటే, రేడియోలో పాశ్చాత్య సంగీతం చూస్తుండిన జాన్ ఫౌల్డ్స్ అనే ఆంగ్లేయుడే 1938లో దాని మీద ధ్వజమెత్తాడు. సీమ నుంచి వచ్చిన పెట్టెను మన సంగీతానికి పనికిరాదని సీమదొరే తేల్చాడన్నమాట. 1971లో గాని ఆ కట్టు కొంత సడలలేదు. ఈలోగా నాటకాలవాళ్ళు దాన్ని వదల్లేదు. పక్కమెట్టును చటుక్కున తాకి వచ్చి గమకమనిపించే కిటుకు వాళ్ళు సాధించారు. దాన్ని దొంగగమకం అనండి, నాకు అభ్యంతరం లేదు.

కుర్రవాడు స్విచ్చి వేశాడు. సింథసైజరు జాతి వాద్యానికి గాలి కొట్టే బాధ లేదు. మళ్ళీ ఎడమచేయి ఖాళీ. అమెరికాలో 1970లో వచ్చిన మినీమూగ్‌కు మెట్ల ఎడమవైపున రెండు చిన్న చక్రాలు పెట్టారు. వాటిలో ఒకటి తిప్పితే స్వరం పైకో కిందికో వంగుతుంది. కుర్రవాడి దానికీ అటువంటి చక్రమే వుంది. కుడిచేత్తో మెట్టు నొక్కి, ఎడమచేత్తో చక్రం ఆడిస్తూ తోడి గాంధారం పలికించాడు.

మాస్టారు పకోడీ పక్కన పెట్టాడు. "మళ్ళీ అను," అన్నాడు. మళ్ళీ విన్నాడు.

"ఇది లేకనేరా అబ్బాయ్, రేడియోవాళ్ళు మమ్మల్ని ముప్పయ్యేళ్ళు గుమ్మం బయట నిలబెట్టింది!"

రాత్రి నాటకం మొదలయింది. కృష్ణపాత్రధారి గొంతు రాసుకుపోయి వుంది. అయిదున్నర శ్రుతి అందడం లేదు, అయిదుకు దిగుదామన్నాడు. కుర్రవాడు బొత్తాం నొక్కితే మెట్లన్నీ అరమెట్టు దిగాయి. మాస్టారికి బొత్తాం లేదు. నల్లమెట్టు మీది వేలు పక్కనున్న తెల్లమెట్టు మీదికి దించి, మిగతా వేళ్ళ దారులన్నీ అప్పటికప్పుడు మార్చుకున్నాడు. ముఖంలో మార్పు లేదు.

తెల్లవారుజామున ఒక పద్యం చివర రాగం పైకి తీసి, నటుడికి వూపిరి అందలేదు. కీబోర్డు అదే మోతాదులో మోగుతూ వుంది. మాస్టారి ఎడమచేయి తిత్తిని ఒక్కసారి నిండుగా నెట్టింది. గొంతు తెగిన చోటును పెట్టె నాదం కప్పేసింది. జనం చప్పట్లు కొట్టారు, నటుడికి! కుర్రవాడు మాత్రం ఆ చేతినే చూస్తున్నాడు.

మరుసటి యేడు కమిటీవారు కుర్రవాణ్ణే పిలిచారు. తబలా మోత కూడా అందులోనే వస్తుంది గదా అన్నారట. తబలా ఆయన ఏమయ్యాడో నేనడిగితే ఎవరూ చెప్పలేదు. మాస్టారు ముందువరసలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. నేను వెళ్ళి స్టేజి పక్కగా వంగి చూశాను. కీబోర్డు కింద కొత్తగా ఒక పెడలు వుంది. నొక్కేకొద్దీ నాదం పెరుగుతుంది, వదిలితే తగ్గుతుంది. ఎడమచేయి చక్రం మీద వుండిపోయింది గనుక, కుర్రవాడు తిత్తి పనిని కాలికి అప్పగించాడు.