బి.ఎడ్.లో చేరేముందు

డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగానే ఇంట్లో ఈ మాట మొదలవుతుంది. "డిగ్రీ అయినాక బి.ఎడ్. చేసెయ్, ఆడపిల్లకి టీచరు ఉద్యోగమే మేలు" అని. మా గుడియాత్తం ఇంట్లో అవ్వ దీన్ని తెలుగులో చెబుతుంది, నాయన తమిళంలో చెబుతారు. ఎక్కడ చేరాలి, ఏం చూసుకుని చేరాలి అని మాత్రం ఎవరూ చెప్పరు. "ఎక్కడ చేసినా పట్టా ఒకటేగా" అంటారు.

ఒకటి కాదని మా పెద్దమ్మ కూతుర్ని చూశాక తెలిసింది. అక్క చేరిన చోట రోజూ రానక్కర్లేదన్నారు. ఫీజు కట్టింది, రికార్డులు రాసింది, పరీక్షలకు మాత్రం పోయి వచ్చింది. పట్టా చేతికొచ్చింది. తర్వాత ఒక ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతికి పంపితే, నలభై మంది పిల్లల ముందు ఏం చేయాలో తెలీక మూడో రోజే ఏడుస్తూ ఇంటికొచ్చేసింది. తెలివిలేక కాదు. నేర్చుకోవాల్సిన రెండేళ్ళూ ఖాళీగా పోయాయి. అందుకే నేను అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను. మనలో చాలామందికి ఇదే సమస్య కదా.

మొదట చూసుకోవాల్సింది మన మెయిన్ సబ్జెక్టు. పార్ట్-1లో తెలుగు చదువుతున్నాం కాబట్టి తెలుగు టీచరు అయిపోవచ్చని నేను అనుకునేదాన్ని. కుదరదట. బి.ఎడ్.లో ఏ సబ్జెక్టు బోధన నేర్చుకుంటామనేది పార్ట్-3లో చదివిన మెయిన్‌ను బట్టి ఉంటుంది. తెలుగు బోధించాలంటే తెలుగే మెయిన్‌గా చదివి ఉండాలి. హిస్టరీ, ఇంగ్లీషు, మ్యాథ్స్ లాంటివి చదివేవాళ్ళు డిగ్రీ అవగానే చేరవచ్చు. ఎకనామిక్స్, కామర్స్ వాళ్ళకు తమిళనాడులో డిగ్రీ ఒక్కటే చాలదు, పి.జి. కూడా ఉండాలి. ఈ సంగతి మూడో సంవత్సరం చివర్లో తెలిసి కంగారుపడేవాళ్ళు ఉంటారు. ఇప్పుడే తెలిస్తే మంచిది.

రెండోది మార్కులు. మన రాష్ట్రంలో బి.ఎడ్.కు ఎంట్రన్స్ పరీక్ష లేదు. ప్రభుత్వ, ఎయిడెడ్ కాలేజీల సీట్లు డిగ్రీ మార్కులను బట్టి కౌన్సెలింగ్‌లో ఇస్తారు. జనరల్ వాళ్ళకు కనీసం 50 శాతం కావాలి, మిగతావాళ్ళకు కొంత సడలింపు ఉంటుంది. మన వేలూరులోనే ప్రభుత్వ బి.ఎడ్. కాలేజీ ఉంది. అక్కడ సీటొస్తే ఫీజు భారం చాలా తగ్గుతుంది. అంటే ఈ సెమిస్టరు మార్కులే రేపటి ఫీజును నిర్ణయిస్తాయన్నమాట. అరియర్లు పెట్టుకోవద్దని మేడమ్‌లు చెప్పేది ఊరికే కాదు.

గుడియాత్తం నుంచి పరదరామి దాటితే ఆంధ్రా. చిత్తూరు, తిరుపతి మనకు చెన్నై కంటే దగ్గర. "ఆడ చదివితే పోలేదా?" అని అవ్వ అడిగింది. అక్కడ ఎడ్‌సెట్ అనే ఎంట్రన్స్ రాయాలి. పైగా 1974 నుంచి 85 శాతం సీట్లు స్థానికులకే అన్న పద్ధతి ఉంది. మిగతా 15 శాతంలోకి రావాలన్నా షరతులున్నాయి. ఇంట్లో తెలుగు మాట్లాడినంత మాత్రాన స్థానికులం కాలేం.

మూడోది కాలేజీ. ఎన్.సి.టి.ఇ. గుర్తింపు ఉందా, అది ఇప్పటికీ నడుస్తోందా చూడాలి. తమిళనాడు ఉపాధ్యాయ విద్యా విశ్వవిద్యాలయం 2008లో వచ్చింది. మన రాష్ట్రంలోని బి.ఎడ్. కాలేజీలు దాని కిందివే. 2015 నుంచి బి.ఎడ్. రెండేళ్ళ చదువు అయింది. ఒక ఏడాది పెంచడానికి ముఖ్యమైన కారణం బడిలో గడిపే సమయమే. మొత్తం 20 వారాలు, అందులో 16 వారాలు రెండో ఏడాదిలో, పిల్లల మధ్య ఉండి నేర్చుకోవాలి. క్లాసులకు 80 శాతం, బడి ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు తప్పనిసరి. ఇప్పుడు ఆలోచించండి. "రోజూ రానక్కర్లేదు" అని చెప్పే చోట మనకు అమ్మేది ఏమిటి? డిగ్రీ కాగానే దూరవిద్యలో బి.ఎడ్. చేద్దామన్నా కుదరదు. ఇగ్నోలో ఆ కోర్సు ఇప్పటికే టీచరు శిక్షణ పొందినవాళ్ళ కోసం పెట్టింది.

చేరేముందు ఆ కాలేజీకి ఒకసారి పోయి, అక్కడ చదువుతున్న అక్కలనే అడగండి. ఇంటర్న్‌షిప్‌కు ఏ బడికి పంపుతారు? మన సబ్జెక్టుకు లెక్చరర్ ఉన్నారా? మీరు పాఠం చెబుతుంటే వెనక కూర్చుని తప్పులు చెప్పేదెవరు? ఈ మూడింటికి సమాధానాలు తడబడితే ఇంకో చోటు చూసుకోవడం మేలు.

నాలుగోది, పట్టా తర్వాత. ఎనిమిదో తరగతి వరకు చెప్పాలంటే టెట్ పాసవ్వాలి. ఈ నియమం 2010 నుంచి ఉంది. 150 మార్కుల పరీక్ష. మన టెట్‌లో మొదటి భాషగా తెలుగు కూడా తీసుకోవచ్చు, దానికి 30 మార్కులు. పార్ట్-1 తెలుగు అక్కడ పనికొస్తుంది! కానీ ప్రభుత్వ ఉద్యోగానికి రాసే పరీక్షలో తమిళ అర్హత పేపరు ఉంటుంది, అందులో 40 శాతం రావాలి. 2006 చట్టం వచ్చాక బడిలో తమిళం తప్పనిసరి అయింది కాబట్టి మనలో చాలామందికి అది భయం కాదు. మరచిపోకుండా ఉంటే చాలు.

నా సంగతి చెబుతాను. నాది హిస్టరీ మెయిన్. వేలూరు ప్రభుత్వ కాలేజీలో సీటు కోసం ముందు ప్రయత్నిస్తాను, సోషల్ టీచరు కావడానికి. తర్వాత ఎం.ఎ. తెలుగు చదవాలని ఉంది. మా వైపు సరిహద్దు ఊళ్ళలో పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో పాఠం తమిళంలో వింటారు. ఒకటో రెండో తరగతుల్లో నేనూ అట్లానే బిత్తరపోయి కూర్చున్నాను. అప్పుడు ఒక టీచరు నా పక్కన కూర్చుని అదే మాటను తెలుగులో మెల్లగా చెప్పింది. ఆ రోజు నుంచే నాకు చదువు వచ్చింది.

అట్లా పక్కన కూర్చోగలిగే టీచరు కావాలంటే ఆ 20 వారాలు నాకు కావాలి. అందుకే దగ్గరుందనో సులువనో ఏ కాలేజీలోనూ చేరను. ఇంట్లో ఇంకా ఒప్పుకోలేదు. ఈసారి అక్కనే నాయనతో మాట్లాడతానంది.