మా ఇంటి సంగతి మీకెందుకు?

చెరుకు తోటలో ఒక పూట పని చేసి వచ్చిన మనిషి చేతులు మీరెప్పుడైనా చూశారా? బోధన్ చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళకైతే చెప్పనక్కరలేదు. ఆకు అంచు కత్తిలా కోస్తుంది, నూగు ఒళ్ళంతా దురద పెడుతుంది. నిజాంసాగర్ నీళ్ళు వచ్చి, 1937లో శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ వెలిశాక మన నిజామాబాద్ జిల్లాలో ఎన్ని సంసారాలు ఆ పంట మీద బతికాయో మీకు తెలుసు. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది, అది వేరే కథ. ఇవాళ మనం చెప్పుకోబోయేది మరో చెరుకు సీమ సంగతి.

దక్షిణాఫ్రికా తూర్పు తీరాన నాటాల్ అనే ప్రాంతం ఉంది. అక్కడి తెల్లదొరల చెరుకు తోటలకి కూలీలు కావలసి వచ్చారు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి మొదటి ఓడ డర్బన్ రేవు చేరింది. ఐదేళ్ళ ఒప్పందం, మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు జీతం. 1911 దాకా లక్షా యాభై వేల మందికి పైగా అలా వెళ్ళారు. గంజాం, విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువాళ్ళు వాళ్ళలో ఎంతోమంది. వెళ్ళినవాళ్ళలో చాలామంది అక్కడే ఉండిపోయారు. 1931లో ఆంధ్ర మహాసభ కూడా పెట్టుకున్నారు.

ఒప్పందం తీరి, నాలుగు డబ్బులు వెనకేసుకుని, ఇంత జాగా కొనుక్కుందామంటే తెల్లవాళ్ళకి కంటగింపయింది. 1946లో ఒక చట్టం తెచ్చారు: ఇండియన్లు ఫలానా పేటల్లోనే భూమి కొనాలి, ఫలానా చోటే కాపురం ఉండాలి అని. ఆ జూన్‌లో డర్బన్‌లో ఓ ఖాళీ మున్సిపల్ స్థలంలో గుడారాలు వేసుకుని మనవాళ్ళు సత్యాగ్రహం మొదలుపెట్టారు. ఆడవాళ్ళూ కూర్చున్నారు, జైలుకీ వెళ్ళారు. మొత్తం మీద రెండు వేల మంది దాకా జైలు పాలయ్యారు.

అదే నెలలో ఇండియా ఐక్యరాజ్య సమితికి ఫిర్యాదు పంపింది. మనకింకా స్వాతంత్ర్యం రాలేదు సుమండీ! అయినా పంపింది. వాదించడానికి వెళ్ళిన బృందానికి నాయకురాలు విజయలక్ష్మీ పండిట్. మన హైదరాబాదు నుంచి నవాబు అలీ యావర్ జంగ్ కూడా ఆ బృందంలో ఉన్నారు.

దక్షిణాఫ్రికా ప్రధాని జనరల్ స్మట్స్ జవాబేమిటంటే, ఇది మా దేశపు సొంత వ్యవహారం, ఇందులో సమితికి జోక్యం లేదు అని. సమితి ఛార్టరులో అలాంటి నిబంధన ఉన్న మాట నిజమే. కాకపోతే అదే ఛార్టరు పీఠికలో మానవ హక్కుల మాటా ఉంది. ఆ పీఠిక రాయడంలో స్మట్స్‌గారి చెయ్యీ ఉంది! ఈ వాదన మనకి కొత్తది కాదు. భార్యని చితకబాదుతున్న మగవాణ్ణి అడ్డుకోబోతే ఏమంటాడు? "మా ఇంటి సంగతి మీకెందుకు" అంటాడు. ఇరుగుపొరుగు తలుపు దాటి లోపలికి రావచ్చా రాకూడదా అన్నదే న్యూయార్కులో తేలవలసిన ప్రశ్న.

వేదికెక్కి చెప్పే ఉపన్యాసం అందరికీ వినబడుతుంది. అసలు పని సభ బయట, వరండాల్లో, భోజనాల దగ్గర జరుగుతుంది. దాన్నే లాబీయింగు అంటారు. లంచమివ్వడం కాదు. ఒక్కొక్క దేశం ప్రతినిధిని కలుసుకోవాలి, అతని భయమేమిటో కనుక్కోవాలి. పెద్ద దేశాలకి కోపం వస్తుందని జంకేవాడిని "పోనీ, మాకు ఓటెయ్యకపోతే మానె, ఎదురు మాత్రం వెయ్యకండి" అని ఒప్పించాలి. నాటాల్ ఇండియన్ల తరఫున హెచ్.ఏ. నాయుడు, సోరాబ్జీ రుస్తుంజీ న్యూయార్కు చేరారు. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెసు అధ్యక్షుడు డాక్టర్ జూమా కూడా వచ్చి ప్రతినిధుల్ని కలుసుకున్నాడు.

పెళ్ళి మాటల్లో పెద్దమనుషులు ఒక మాట ఇటు, ఒక మాట అటు సర్దినట్టు ఇక్కడా జరిగింది. ఫ్రాన్సు, మెక్సికో కలిసి కాస్త మెత్తని తీర్మానం రాశాయి. ఇండియన్లను చూసే తీరు పాత ఒప్పందాలకీ ఛార్టరుకీ తగినట్టు ఉండాలి, రెండు ప్రభుత్వాలూ వచ్చే సమావేశానికి నివేదిక ఇవ్వాలి, ఇంతే దాని సారాంశం. గట్టి మాటలు పోయాయని బాధపడేవాళ్ళుంటారు. కాని గట్టి మాటలతో ఓడిపోవడం కన్నా ఇదే నయమని నాకనిపిస్తుంది.

ఎందుకంటే లెక్క అంత ఇరుకుగా ఉంది. ఇది ముఖ్యమైన విషయం, మూడింట రెండు వంతుల ఓట్లు రావలసిందేనని సభ ముందే నిర్ణయించింది. 1946 డిసెంబరు 8న ఓటు. అనుకూలం 32, వ్యతిరేకం 15, తటస్థం 7. తటస్థులు లెక్కలోకి రారు కాబట్టి పడ్డ ఓట్లు 47. మూడింట రెండు వంతులు కావాలంటే 32 ఉండాలి. సరిగ్గా అన్నే వచ్చాయి! ఆ 32లో ఒక్కరు అటు తిరిగినా తీర్మానం పోయేది. ఊరుకున్న ఏడుగురిలో ఇద్దరు ఎదురు వేసినా పోయేది. బ్రిటన్, అమెరికా మనకి ఎదురు వేశాయి. ఊరుకున్నవాళ్ళని ఊరుకోబెట్టడం ఎంత పనో ఇప్పుడు చూడండి.

ఓటు అయ్యాక విజయలక్ష్మి స్మట్స్ దగ్గరికి వెళ్ళి, నా మాట ఎక్కడైనా హద్దు దాటితే క్షమించమని అడిగారట. ఆయన ఆమెను బిడ్డా అని పిలిచి, నీ గెలుపు డొల్ల, దీనివల్ల వచ్చే ఎన్నికల్లో నేను పోతాను, మీకు ఒరిగేదేమీ ఉండదు అన్నాడని ఆమె తన ఆత్మకథలో రాశారు. 1948లో ఆయన ఓడిపోయాడు. వచ్చినవాళ్ళు ఇంకా కఠినులు. వర్ణభేదాన్నే రాజ్యనీతి చేశారు.

ఈలోగా 1947లో ఇండియా మళ్ళీ తీర్మానం తెచ్చింది. అనుకూలం 31, వ్యతిరేకం 19. మూడు ఓట్లు తగ్గి ఓడిపోయింది. కిందటేడు ఒప్పించాం కదా అని ఎవరూ ఊరికే నిలిచి ఉండరు మరి. ఆ తరువాత సంవత్సరాల్లో మళ్ళీ అడిగారు, మళ్ళీ తిరిగారు. 1952లో ఇండియాతో పాటు పాకిస్తాను కూడా చేరి, 13 ఆసియా, అరబ్ దేశాలు ఒక్క ఇండియన్ల సంగతే కాక, నల్లవాళ్ళతో సహా అందరినీ అణచే వర్ణభేదాన్ని మొత్తంగా సభ ముందు పెట్టాయి. దక్షిణాఫ్రికా అప్పుడూ ఇది మా ఇంటి సంగతే అంది. సభ మాత్రం చర్చకు తీసుకుంది.