దూరపు కొండల రంగు

‘దూరపు కొండలు నునుపు’ అను సామెత ఎల్లరును ఎరిగినదే. అవి నునుపుగానే గాక నీలముగ కూడ కనబడును. దగ్గరకు పోయి చూచినచో నీలము మాయమై చెట్లు, రాళ్లు కానవచ్చును. ఆ నీలము ఎక్కడిది?

మనకును కొండకును నడుమ మైళ్లకొలది గాలి యున్నది. గాలిలోని అణువులు సూర్యకాంతిలోని ఎరుపు కంటె నీలమును ఎక్కువగా చెదరగొట్టును. ఆ చెదరిన కాంతి కొండ ముందు పలుచని తెరవలె నిలుచును. సూర్యుడు క్రుంగుకొలది కిరణములు గాలిలో ఎక్కువ దూరము రావలెను. నీలము దారిలోనే చెదరిపోగా ఎరుపు, పసుపు మిగులును. కావున అడవి రంగులు గడియగడియకు మారుచుండును. చెట్టు పచ్చనిదని మనస్సు ఎరుగును. కాని సంధ్యవేళ కంటికి దోచు రంగు వేరు. జ్ఞాపకమును నమ్మి ఇంట చిత్రించువాడు ఇచ్చటనే పొరపడును. రంగును ఆరుబయటనే పట్టుకొనవలెను.

పూర్వము ఇది కష్టముగా నుండెను. నూనెరంగులను పంది మూత్రకోశపు తిత్తులలో దాచెడివారు. ఒకసారి విప్పిన తిత్తిలోని రంగు త్వరలో గట్టిపడెడిది. అవిసెనూనె నీటివలె ఆవిరియై ఆరదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. 1841లో జాన్ గాఫ్ రాండ్ అను అమెరికా చిత్రకారుడు, నొక్కిన రంగు వచ్చునట్టి తగరపు గొట్టమునకు పేటెంటు పొందెను. మూత బిగించినచో గాలి తగలదు. రంగులు సంచిలో అడవికి పోగలిగెను.

కెనడా చిత్రకారుడు టామ్ థామ్సన్ (1877–1917) ఒంటారియోలోని ఆల్గాంక్విన్ అరణ్యమున పడవపై తిరుగుచు, సుమారు 21 సెంటీమీటర్ల ఎత్తు, 26 సెంటీమీటర్ల వెడల్పు గల చెక్కపలకలపై చిత్రించెడివాడు. పలక చిన్నదగుటచే వెలుతురు మారకమునుపే పని ముగించుటకు వీలగును. చలికాలమున టొరంటోలోని తన గుడిసెలో ఆ పలకలను చూచుచు, ఆకారములను తీరికగా అమర్చి పెద్ద చిత్రములు వ్రాసెడివాడు. 1916లో గ్రాండ్ సరస్సు వద్ద వ్రాసిన పలకనుండి ‘ది జాక్ పైన్’ పుట్టెను. నేడు ఒట్టావాలోని జాతీయ చిత్రశాలలో నున్న ఈ చిత్రము వైశాల్యమున పలకకు 30 రెట్లకు పైబడినది. అంత పెద్ద చిత్రమును అడవిలో, ఒక్క సాయంకాలపు వెలుతురులో ముగించుట అసాధ్యము. ఆ పలక లేనిదే దాని రంగులను గదిలో కూర్చుండి ఊహించుటయు అసాధ్యమే.

1917 జూలైలో థామ్సన్ అదే అరణ్యములోని కెనూ సరస్సున మరణించెను. వందలకొలది పలకలు మిగిలెను. వానిలో పెద్ద చిత్రములైనవి కొన్నియే. అయినను ఆనాటి వెలుతురు వానిపై నిలిచియున్నది.

విద్యార్థులు దీనిని స్వయముగా పరీక్షింపవచ్చును. దూరపు కొండనో, చెట్ల వరుసనో ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము ఒకేచోటనుండి చూచుచు చిన్న కాగితములపై రంగులు వేయవలెను. మరునాడు తరగతిలో, వానిని చూడక, జ్ఞాపకముతో మరల వేయవలెను. రెంటిని ప్రక్కప్రక్కన నుంచినచో, కన్ను చూచినదేదో, మనస్సు కల్పించినదేదో తేటపడును.