కొమ్మల చాటున జీపీఎస్‌ను ఎంత నమ్మాలి?

హైదరాబాద్ బాలానగర్‌లో ఇస్రో వాళ్ల జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉంది. ఎన్‌ఆర్‌ఎస్‌సీ అంటే చాలామందికి తెలుస్తుంది. ఏ అడవి పలచబడింది, ఏ కొండమీద మంట లేచింది అన్నది ఉపగ్రహ చిత్రాలు చూసి చెప్పడం దాని పనుల్లో ఒకటి. అయితే పైనుంచి తీసిన ఫొటోలో అడవి అంటే చాలావరకు ఆకుల కప్పే. ఆ కప్పు కింద మాను ఎంత లావుంది, కొత్త మొక్కలు ఎన్ని లేచాయి అన్న లెక్కకు మనిషి టేపు పట్టుకుని లోపలికి నడవాలి, లేదా డ్రోన్ దూరాలి. దూరిన డ్రోన్‌కి దారి చూపాల్సింది మళ్లీ ఉపగ్రహాలే. అవి సరిగ్గా అక్కడే చెయ్యిస్తాయి.

ఎందుకో చూద్దాం. జీపీఎస్ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. అవి పంపే సిగ్నల్ శక్తి పదుల వాట్లే. నేలకు చేరేసరికి అది వాట్‌లో వంద కోట్ల కోట్లో వంతుకు పడిపోతుంది. ఎల్1 సిగ్నల్ పౌనఃపున్యం 1575.42 మెగాహెర్ట్జ్, అంటే తరంగం పొడవు 19 సెంటీమీటర్లు, దాదాపు ఒక మామిడాకంత. తన పొడవుకు దగ్గరగా ఉన్న ఆకులు, కొమ్మలు అడ్డొస్తే తరంగం చెదిరిపోతుంది. ఆకులోని నీరు ఇంకొంత మింగుతుంది. అందుకే వాన వెలిసిన వెంటనే తడిచెట్టు కింద పరిస్థితి మరీ అధ్వాన్నం. మన నావిక్ ఉపగ్రహాలు తోడైతే మేలే. 2023 మే 29న వెళ్లిన ఎన్‌వీఎస్-01 నుంచి నావిక్ కూడా ఎల్1లో సిగ్నల్ ఇస్తోంది. కానీ ఆకు ఏ దేశపు సిగ్నల్‌నైనా ఒకేలా అడ్డుకుంటుంది.

స్థానం తేలాలంటే కనీసం నాలుగు ఉపగ్రహాలు కావాలి. మూడు దిశల కొలతలకు మూడు, రిసీవర్ గడియారంలోని తప్పు సరిచేయడానికి ఒకటి. నాలుగు దొరికితే చాలదు, అవి ఆకాశమంతా పరుచుకుని ఉండాలి. చెట్ల మధ్య దిగంతం దగ్గరి ఉపగ్రహాలు మానుల వెనక్కి పోతాయి. నడినెత్తిన ఉన్న సందులోంచి కనిపించేవే మిగులుతాయి. అన్నీ ఒకేవైపు గుంపుగా ఉంటే, అడ్డంగా మనం ఎక్కడున్నామో తేల్చే లెక్క వదులైపోతుంది. రెండు మానుల మధ్య నుంచి వెళ్లాల్సిన డ్రోన్‌కి కావాల్సింది సరిగ్గా ఆ అడ్డం లెక్కే.

ఇంతకన్నా ప్రమాదకరమైనది ప్రతిఫలించిన సిగ్నల్. బాలానగర్ పారిశ్రామికవాడ సంగతే తీసుకోండి. రేకుల షెడ్లు, మెట్రో వంతెన, 2021లో తెరిచిన ఫ్లైఓవర్. నేరుగా రావాల్సిన సిగ్నల్‌ను చెట్టు ఆపేసి, రేకుకు తగిలి వచ్చింది మాత్రం రిసీవర్‌కి అందిందనుకోండి. అది ఆరు మీటర్లు ఎక్కువ తిరిగి వస్తే పట్టే అదనపు సమయం 20 నానోసెకన్లే. ఆ ఉపగ్రహం దూరం లెక్కలో మాత్రం ఆరు మీటర్ల తప్పు చేరుతుంది. తెరమీద ఉపగ్రహాల సంఖ్య బాగానే ఉంటుంది. డ్రోన్ మాత్రం తాను పక్కకు జరిగిపోయాననుకుని, ‘సరిచేసుకోవడానికి’ కొమ్మలోకి దూసుకెళ్తుంది. సిగ్నల్ పూర్తిగా పోతే పోయిందని తెలుస్తుంది. సగం ఉన్న సిగ్నలే కొంప ముంచేది.

జీపీఎస్ లేకుండా ఎగరలేదా అంటే ఎగరగలదు. లోపలి జడత్వ సెన్సర్లు త్వరణాన్ని కొలుస్తాయి. అయితే ఆ కొలతలో సెకనుకు సెకనుకు ఒక సెంటీమీటరు తప్పున్నా, పది సెకన్లలో అర మీటరు, నిమిషంలో 18 మీటర్లు దారి తప్పుతుంది. ఆ తప్పును కెమెరా సరిచేయాలి. నేలమీది గుర్తులు ఎటు కదులుతున్నాయో చూసి తాను ఎటు పోతున్నదో లెక్కగడుతుంది. ఇక్కడా ఒక తిరకాసు ఉంది. కింద ఎండుటాకులు గాలికి దొర్లుతుంటే, కదిలింది ఆకో తానో కెమెరాకు తేలదు. లేజర్ కాంతితో దూరాలు కొలిచే లైడార్‌కి చీకటితో పేచీ లేదు గానీ, సన్నని రెమ్మ, కరెంటు తీగ దాని కిరణాల మధ్య నుంచి తప్పించుకోవచ్చు. ప్రొపెల్లర్‌ని పట్టేసుకునేవి ఆ సన్న రెమ్మలే.

ఈ రంగంలో ప్రయోగశాలలు చాలా దూరం పోయాయి. జ్యూరిక్ విశ్వవిద్యాలయం వాళ్లు 2021లో అడవిలో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో డ్రోన్‌ను దానంతటదే నడిపించారు. 2022లో చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు పది చిన్న డ్రోన్లను గుంపుగా వెదురుపొదల్లోకి వదిలారు. మన దగ్గర సంగారెడ్డి జిల్లా కందిలో, ఐఐటీ హైదరాబాద్ ఆవరణలో తిహాన్ అనే పరీక్షా క్షేత్రం 2022 జులై 4న మొదలైంది. డ్రైవరు లేని బండ్లను, డ్రోన్లను అక్కడ పరీక్షిస్తారు. 2021లో తెలంగాణలో డ్రోన్లతో అడవుల్లో విత్తన బంతులు చల్లారు. అదే ఏడాది సెప్టెంబరు 11న వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు చేరవేసే ప్రయోగం మొదలైంది. పేపర్లు రెండింటి గురించీ బాగానే రాశాయి. కానీ అవి ప్రధానంగా చెట్ల మీదుగా, ఆకాశం విప్పారి ఉన్నచోట ఎగిరినవి. చెట్ల కిందికి దిగడం వేరే విద్య.

అక్కడ మొదటి రక్షణ వేగం తగ్గించడం. సెకనుకు ఐదు మీటర్ల వేగంతో పోయే డ్రోన్ కొమ్మను గుర్తించడానికి 0.3 సెకను తీసుకుని, ఓ మోస్తరు బ్రేకుతో ఆగేసరికి నాలుగున్నర మీటర్లు దాటుతుంది. రెండు మీటర్ల వేగమైతే మీటరు చిల్లరలో ఆగుతుంది. రెండోది, పైలట్‌కి చేతితో నడపడం వచ్చి ఉండాలి. సిగ్నల్ పోగానే చాలా డ్రోన్లు యాటిట్యూడ్ మోడ్‌లోకి మారతాయి. కింద చూసే కెమెరా కూడా పట్టు కోల్పోతే, స్టిక్ వదిలినా డ్రోన్ ఉన్నచోట ఆగదు, గాలితో పాటు కొట్టుకుపోతుంది. ఆ మోడ్‌లో ఖాళీ మైదానంలో సాధన చేయనివాళ్లు తోటలోకి దింపకపోవడమే మంచిది.

ఎక్కడ ఎగరేయాలన్నదీ చూసుకోవాలి. 2021 ఆగస్టు 25 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం ఆకుపచ్చ జోన్‌లో 400 అడుగుల దాకా ముందస్తు అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయ ప్రహరీకి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్యనైతే 200 అడుగులే. బాలానగర్‌కి బేగంపేట విమానాశ్రయం అంతకన్నా చాలా దగ్గర. ప్రయాణికుల విమానాలు 2008లో శంషాబాద్‌కి తరలిపోయినా ఆ రన్‌వే మూతపడలేదు. చెట్టెత్తు కూడా దాటలేదు కదా, అనుమతి ఎందుకన్న వాదన అక్కడ చెల్లదు.

చివరగా హోమ్ పాయింట్. బయలుదేరిన చోటును డ్రోన్ జీపీఎస్‌తోనే గుర్తుపెట్టుకుంటుంది. చెట్టు కింద ఆన్ చేస్తే ఆ గుర్తే తప్పవుతుంది. రిటర్న్ టు హోమ్ నొక్కితే చాలా డ్రోన్లు ముందు నిట్టనిలువుగా పైకి లేస్తాయి, తల మీద కొమ్మ ఉందో లేదో చాలా మోడళ్లకు కనిపించదు. కాబట్టి ఆరుబయట ఆన్ చేయండి, ఉపగ్రహాలు కుదురుకున్నాకే ఎగరేయండి. సిగ్నల్ పోతే ఉన్నచోటే ఆగేలా, లేదా దిగిపోయేలా సెట్టింగ్ మార్చుకోండి. కొమ్మల కింద ఉన్నంతసేపూ రిటర్న్ టు హోమ్ బటన్ జోలికి పోకండి.