గోడ చెప్పే ఊరి కథ

పైకప్పు లేదు. తలుపుల్లేవు. మిగిలింది ఒక్క మొండిగోడ. అయినా ఆ దారిన వెళ్లేవాళ్లు కారు ఆపి మరీ ఫొటో తీసుకుంటారు. ఎందుకంటే ఆ గోడమీద ఉన్నవి రెండే మాటలు... వాటి వెనక ఉన్నది నీళ్లలో మునిగిన ఓ ఊరు!

బ్రిటన్‌కు పడమటివైపు ఉన్న వేల్స్‌లో, అబరిస్ట్‌విత్ పట్టణం నుంచి సముద్రతీరం వెంబడి దక్షిణంగా వెళ్తే లాన్‌రస్టిడ్ అనే చిన్న పల్లె వస్తుంది. పాత కట్టడాల కోసం కెమెరా పట్టుకుని తిరిగేవాళ్లకి అక్కడ చేతినిండా పనే. ఊరికి ఎగువన 1149లో కట్టిన కోట తాలూకు మట్టిదిబ్బలు. తీరాన పాడుబడ్డ సున్నపు బట్టీలు. ఒకప్పుడు సున్నపురాయినీ బొగ్గునీ ఓడల్లో తెచ్చి ఆ బట్టీల్లో కాల్చేవారు. ఆ సున్నం చల్లితే పుల్లబారిన నేలలు మళ్లీ పంటకి పనికొచ్చేవి.

ఇవన్నీ ఒకెత్తు, ఊరి శివారున రోడ్డు పక్కనున్న గోడ ఒక్కటే ఒకెత్తు. ఎర్రరంగు మీద తెల్లటి అక్షరాలతో 'కోవ్యుఖ్ డ్రవెరిన్' అని రాసి ఉంటుంది. వెల్ష్ భాషలో 'ట్రవెరిన్‌ను గుర్తుంచుకోండి' అని అర్థం. 1960ల తొలినాళ్లలో మైక్ స్టీఫెన్స్ అనే యువకుడు రాసిన మాటలివి. తర్వాత ఆయన పేరున్న రచయిత అయ్యారు. మొదట ఆయన 'ట్రవెరిన్' అనే రాశారు. వెల్ష్ వ్యాకరణం ప్రకారం అక్కడ 'ట' కాస్తా 'డ' కావాలి. అచ్చం మన గసడదవాదేశ సంధిలాగే! ఆ తప్పును తర్వాత దిద్దారు.

ఊరు మునిగింది...

ఉత్తర వేల్స్‌లోని ట్రవెరిన్ లోయలో కాపెల్ కెలిన్ అనే పల్లె ఉండేది. అందరూ వెల్ష్ మాట్లాడేవాళ్లే. ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరానికి నీళ్ల కోసం అక్కడ జలాశయం కట్టాలని 1957లో బ్రిటన్ పార్లమెంటు చట్టం చేసింది. వేల్స్ నుంచి ఎన్నికైన ఎంపీల్లో ఒక్కరు కూడా అనుకూలంగా ఓటెయ్యలేదు. అయినా పని ఆగలేదు. 1965లో ఇళ్లు, బడి, ప్రార్థనామందిరం, శ్మశానం అన్నీ మునిగిపోయాయి. 67 మంది ఉన్న ఊళ్లో 48 మంది ఇళ్లు కోల్పోయారు. నలభై ఏళ్ల తర్వాత, 2005లో, లివర్‌పూల్ నగరపాలక మండలి క్షమాపణ చెప్పింది.

అప్పుడు ఆ ఊరిని కెమెరాలో దాచినవాడు జెఫ్ చార్ల్స్. 'ఎ కమ్రో' అనే వెల్ష్ పత్రిక ఫొటోగ్రాఫర్. ఊరి మనుషుల్నీ, లివర్‌పూల్ వీధుల్లో వాళ్లు చేసిన ఊరేగింపునీ ఆయన ఫొటోలు తీశారు. 2002లో కన్నుమూసిన ఆయన తీసిన సుమారు 1,20,000 నెగెటివ్‌లు ఇప్పుడు వేల్స్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. కాపెల్ కెలిన్ ఎలా ఉండేదో చూడాలంటే అలాంటి ఫొటోలే దిక్కు.

... గోడ నిలిచింది!

2019 ఫిబ్రవరిలో ఎవరో ఆ గోడ మీది మాటలు కనిపించకుండా 'ఎల్విస్' అని రాసిపోయారు. ఏప్రిల్‌లో గోడలో కొంత భాగాన్ని పడగొట్టారు. స్థానికులు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. పడిన రాళ్లే ఏరి మళ్లీ పేర్చారు, మళ్లీ రంగులేశారు. అంతటితో ఆగలేదు. వేల్స్ అంతటా పదుల సంఖ్యలో గోడల మీద అవే రెండు మాటలు వెలిశాయి. ఒక గోడ ఫొటో తీసేవాళ్లకి అన్ని గోడలు దొరికాయన్నమాట!

క్లిక్‌మనిపించే ముందు...

ప్రతి పాడుబడ్డ ఇంటికీ ఇంత అదృష్టం ఉండదు. వేల్స్ పల్లెల్లో రాతి ఇళ్లకి పైన పలకరాయి కప్పు ఉంటుంది. నాలుగు పలకలు జారితే చాలు, వాన లోపలికి దిగి దూలాలు కుళ్లుతాయి. కప్పు కూలాక గోడల వంతు. అందుకే ఉన్నప్పుడే ఫొటో తీయాలి. తీసే పద్ధతీ ఉంది. చాలావరకు అవి ఎవరో ఒకరి సొంత స్థలాలు, కాబట్టి ముందు అనుమతి అడగాలి. కుళ్లిన అంతస్తుల మీద అడుగు పెట్టకూడదు. గబ్బిలాలు కాపురముంటే వాటిని కదిలించకూడదు, అక్కడ అది నేరం. ముందు ఇల్లంతా కనిపించేలా నాలుగు వైపుల నుంచీ, తర్వాత తలుపు, కిటికీ, పొయ్యిగూడు విడివిడిగా తీస్తే రేపు చూసేవాళ్లకి ఇల్లు అర్థమవుతుంది. అలా తీసినవాటిని 'పీపుల్స్ కలెక్షన్ వేల్స్' వెబ్‌సైట్‌లో ఎవరైనా చేర్చొచ్చు.

ఫొటోతోపాటు తేదీ, చోటు, ఇంటి పేరు కూడా రాసిపెట్టాలి. లాన్‌రస్టిడ్ గోడనే తీసుకోండి. అదీ ఒకప్పుడు ఓ కుటుంబం పొయ్యి రాజేసుకున్న ఇల్లే. దాని పేరు 'ట్రోయిడ్ ఎ రియు', అంటే 'కొండవాలు అడుగు' అని. ఫొటోలో ట్రవెరిన్ పేరు కనిపిస్తుంది. ఈ ఇంటి పేరు మాత్రం ఫొటో తీసినవాళ్లు రాస్తేనే ఉంటుంది!