విహారపు పడవ యెంత పొడవు?

ఒక బల్ల పొడవెంత యని యడిగినచో చిన్న తరగతి బాలుడైనను బద్ద తెచ్చి, కొలిచి చెప్పగలడు. ఇద్దఱు కొలిచినను పదుగురు కొలిచినను సమాధాన మొక్కటియే వచ్చును. పడవ పొడవును గూడ నట్లే తేలికగా చెప్పవచ్చునని తోచును గాని సంగతి యట్లు లేదు. ఒకే పడవను దాని నమ్మువాడు 32 అడుగుల పడవ యనును. రేవులో దానికి చోటిచ్చి రుసుము గైకొనువాడు 36 అడుగు లనును. పందెములకు కొలత వేయు నధికారి 27 అడుగు లనును. వీరిలో నెవ్వరును అబద్ధమాడుట లేదు. కొలబద్దయందును దోషము లేదు. ఏ రెండు చోట్ల నడిమి దూరమును పొడవని పిలువవలెనను నిర్ణయమే వేఱువేఱుగా నున్నది. ఆ నిర్ణయము లెవ్వియో, అవి యేల యేర్పడెనో, వానివలన ప్రాణమునకును ధనమునకును న్యాయమునకును గల సంబంధ మెట్టిదో ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

సరకులు మోయుటకు గాని చేపలు పట్టుటకు గాని కాక, వినోదమునకును క్రీడకును నడపుకొను పడవలను విహారపు పడవలందుము. ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియా తీరములయం దివి విశేషముగా వాడుకలో నున్నవి. ఇట్టి పడవను ప్రక్కనుండి చూచినచో దాని ముందు కొనయు వెనుక కొనయు గోడవలె నిట్టనిలువుగా నుండవు. ముందు కొన నీటినుండి పైకి లేచి ముందునకు వాలియుండును. వెనుక భాగము గూడ పెక్కు పడవలలో నీటిపైకి చాచుకొని యుండును. కాబట్టి పైన కొలిచిన పొడవు వేఱు, నీటిని తాకుచోట కొలిచిన పొడవు వేఱు. ఇది చాలక, ముందు కొననుండి తెఱచాపల త్రాళ్లను కట్టుట కొక వాసము పొడుచుకొని వచ్చును. దానిని బౌస్‌ప్రిట్ అందురు. వెనుక చుక్కానియు, యంత్రమును తగిలించు చట్రమును, స్నానమాడువా రెక్కి దిగుటకు మెట్టును వ్రేలాడుచుండును. వీనిని పొడవులో చేర్చవలెనా, విడువవలెనా యనునదే మొదటి చిక్కు.

వీని నన్నిటిని చేర్చి, మిక్కిలి ముందున్న వస్తువు మొదలు మిక్కిలి వెనుకనున్న వస్తువు వఱకు కొలిచినది గరిష్ఠపు పొడవు. రేవులలో పడవలు నిలుపుకొనుటకు చోటిచ్చువారు సాధారణముగా దీనినే యడుగుదురు. అది న్యాయమే, ఏలయనగా ప్రక్క పడవకు తగులునది బౌస్‌ప్రిట్ అయినను పడవ దేహమైనను నష్ట మొక్కటియే. అడుగునకింత చొప్పున అద్దె కట్టవలసిన యజమానుడు తన పడవ పత్రములందున్న చిన్న సంఖ్యను చూపి వాదించినను, అది యాక్రమించు చోటు తగ్గదు గదా.

రెండవది దేహపు పొడవు. చిన్న పడవల కొలతలను గూర్చి అంతర్జాతీయ ప్రమాణ సంస్థవా రేర్పఱచిన 8666 సంఖ్యగల ప్రమాణములో దీనిని నిర్వచించిరి. పడవ దేహములో విడదీయరాని భాగములన్నియు ఇందు చేరును. పడవను చెఱుపకుండ ఊడదీయ వీలైనవి చేరవు. కావున మరలతో బిగించిన బౌస్‌ప్రిట్, చుక్కాని, కమ్మీలు, వెనుక తగిలించిన యంత్రము లెక్కకు రావు. స్నానపు మెట్టును ఊడదీసినను పడవకు లోపము లేకున్నచో దానిని విడువవలెను. అది దేహముతో నేకముగా పోతపోసినదైనచో చేర్చవలెను. ఒకే యాకారముగల రెండు పడవలలో నొకదానికి మెట్టు బిగించియు, రెండవదానికి పోతపోసియు నున్నచో, కంటికి సమానమైన యా రెండింటి దేహపు పొడవులు సమానములు కావు. ఐరోపా సమాఖ్యవారు 2013వ సంవత్సరమున చేసిన విహారపు పడవల శాసనము, ఈ విధముగా కొలిచి 2.5 మీటర్లు మొదలు 24 మీటర్ల వఱకు గల పడవలకు వర్తించును.

అమెరికా సంయుక్త రాష్ట్రముల నిబంధనలు గూడ ఇంచుమించుగా నిదే మార్గమును త్రొక్కినవి. పడవ ముందు చివరనుండి వెనుక చివరవఱకు డెక్కుమీదుగా, నడిమి గీతకు సమాంతరముగా, తిన్నని రేఖలో కొలువవలెను. బౌస్‌ప్రిట్, చుక్కాని, యంత్రపు చట్రము, పిడులు మొదలైనవానిని విడువవలెను. ఇందు తిన్నని రేఖ యను మాట ముఖ్యమైనది. డెక్కు నడుమ పల్లముగాను కొనలయందు మిఱ్ఱుగాను వంగియుండును. వంపువెంట పట్టీ పఱచి కొలిచినచో పొడవు పెరుగును. రెండు బిందువుల నడుమ మిక్కిలి చిన్నదారి సరళరేఖ యని రేఖాగణితమున చదివిన విద్యార్థులకు దీని కారణమును వేఱుగ చెప్ప నక్కఱలేదు.

మూడవది నీటిమట్టపు పొడవు. పడవ తేలుచుండగా నీటి పైతలము దానిని ముందును వెనుకను తాకుచోట్ల నడుమగల దూరమిది. ఇది స్థిరమైనది కాదు. మనుష్యులును సామానును ఎక్కినచో పడవ క్రుంగును. కొనలు వాలియుండుటచే నీటిమట్టపు పొడవు పెరుగును. ఉప్పునీరు మంచినీటికంటె బరువైనది గనుక సముద్రములో పడవ కొంచెము పైకి తేలి, యీ పొడవు స్వల్పముగా తగ్గును. కావుననే యీ కొలతను చెప్పునపుడు ఎంత బరువుతో కొలిచిరో యదియు చెప్పవలెను.

ఇంత చంచలమైన కొలతను నావికు లేల గౌరవింతురు? పడవ వేగము దీనిపై నాధారపడియుండుటయే కారణము. విలియం ఫ్రౌడ్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు (1810–1879) టార్కీ పట్టణమున పొడవైన తొట్టి కట్టించి, అందు చిన్న నమూనా పడవలను లాగి నీటి యడ్డగింపును పరీక్షించెను. పడవ కదలునపుడు అలలను పుట్టించును. వేగము హెచ్చినకొలది ఆ యలల పొడవును హెచ్చును. ఒక అల పొడవు పడవ నీటిమట్టపు పొడవుతో సమానమైనపుడు, పడవ ముందొక శిఖరమును వెనుకనొక శిఖరమును నిలుచును. అంతకుమించి పోజూచినచో వెనుక శిఖరము జాఱిపోయి, వెనుక భాగము పల్లమున దిగును. పడవ తానే పుట్టించిన కొండ నెక్కవలసినట్లగును. గాలి యెంత తోసినను వేగము పెద్దగా పెరుగదు.

ఈ హద్దును లెక్కించుట సులభము. నీటిమట్టపు పొడవును అడుగులలో తీసికొని, దాని వర్గమూలమును 1.34చే గుణించినచో, గంట కెన్ని సముద్రపు మైళ్లో వచ్చును. 16 అడుగులకు వర్గమూలము 4, వేగము 5.36. 64 అడుగులకు వర్గమూలము 8, వేగము 10.72. అనగా వేగము రెట్టింపు కావలెనన్న పొడవు నాలుగింతలు కావలెను. నీటిమీద జాఱుచు పోవు తేలిక పడవలును, మిక్కిలి సన్నని జంటపడవలును ఈ హద్దును దాటగలవు గాని బరువైన పడవలకు లెక్క సరిపోవును.

వేగము పొడవుచే కలుగును గనుక పందెములలో పెద్ద పడవకును చిన్న పడవకును న్యాయము చేయుటకు పొడవును లెక్కింపవలసివచ్చెను. చట్టము పుట్టినచోట దానిని తప్పించుకొను నేర్పరులును పుట్టిరి. 1903వ సంవత్సరమున అమెరికా కప్పు పందెమునకై నథానియేల్ హెర్రెషాఫ్ అను శిల్పి రిలయన్స్ అను నావను నిర్మించెను. నీటిమట్టపు పొడవు 90 అడుగులు మించరాదని నిబంధన. ఆయన దానిని మించలేదు. కాని ముందును వెనుకను దేహమును నీటిపైకి చాచి డెక్కు పొడవును ఇంచుమించు 144 అడుగులకు తెచ్చెను. బౌస్‌ప్రిట్ మొదలు తెఱచాప క్రింది వాసపు కొనవఱకు 201 అడుగులు! రేవులో నిలిచి కొలుచునపుడు నావ నిటారుగా నుండును గనుక 90 అడుగులే. గాలికి ప్రక్కకు ఒరిగినపుడో, చాచిన కొనలు నీటిలో మునిగి, పాఱు పొడవు పెరిగి, వేగమును పెరిగెను. రిలయన్స్ ఆంగ్లేయుల షామ్‌రాక్ 3 అను నావను ఓడించెను. నిబంధనలోని అక్షర మొక్కటియు చెడలేదు. దాని యుద్దేశము మాత్రము చెడెను.

ఇట్టి యుపాయములను చూచియే తరువాతివారు ఒక్క పొడవుతో తృప్తిపడక, తెఱచాపల వైశాల్యము, నీటిపైనున్న గోడ యెత్తు మొదలగువానిని గూడ చేర్చి సూత్రములు కూర్చిరి. 1907వ సంవత్సరపు అంతర్జాతీయ నియమము వీనిలో నొకటి. దాని ప్రకారము కట్టినవి 12 మీటర్ల తరగతి నావలు. వీనిలో నేదియు 12 మీటర్ల పొడవుగలది కాదు! సూత్రములోని కొలతలన్నిటిని కూడి, తీసివేసి, భాగించినచో వచ్చు ఫలము 12 అగునని మాత్రమే అర్థము. 1983వ సంవత్సరమున అమెరికా కప్పును గెలిచి, 132 సంవత్సరములుగా దానిని విడువని న్యూయార్క్ సంఘము చేతినుండి తీసికొనిన ఆస్ట్రేలియా 2 ఈ తరగతిదే. దాని దేహపు పొడవు ఇంచుమించు 19 మీటర్లు.

ఇక ప్రాణములకు సంబంధించిన సంగతి. సముద్రముమీద నావలు ఢీకొనకుండ 1972లో కుదిరి 1977లో అమలునకు వచ్చిన అంతర్జాతీయ నియమములలో, పొడవనగా నావయొక్క మొత్తపు పొడవని స్పష్టముగా వ్రాసిరి. రాత్రివేళ చూపవలసిన దీపములు దానినిబట్టి మాఱును. యంత్రముతో నడచు నావ 50 మీటర్లు గాని అంతకు మించి గాని యున్నచో, రెండవ స్తంభదీపమును తప్పక చూపవలెను. 12 మీటర్లకు తక్కువైన యంత్రపు పడవ చుట్టును కనబడు నొక తెల్లదీపముతోను ప్రక్కదీపములతోను సరిపెట్టుకొనవచ్చును. 20 మీటర్లకు తక్కువైన పడవ, ఇఱుకు కాలువలో ఆ దారి తప్ప వేఱు దారి లేని పెద్ద నావకు అడ్డురాకూడదు. చీకటిలో ఎదుటి నావికునకు మన పడవ కనబడదు, దీపములే కనబడును. తన పొడవును తప్పుగా నెంచి తగని దీపము పెట్టినవాడు ఎదుటివానికి అబద్ధము చెప్పినవా డగును. దాని ఫలము ఇరువురి ప్రాణములకును వచ్చును.

పడవను కొలుచు పద్ధతి యిది. పడవను గట్టున, నీటిలో నెట్లు తేలునో అట్లు మట్టముగా నిలుపవలెను. మేస్త్రీలు గోడ నిలువును చూచుటకు వాడెడి గుండుత్రాటిని ముందు చివరనుండి వ్రేలాడదీసి, అది నేలను తాకుచోట గుర్తు పెట్టవలెను. వెనుక చివరనుండియు నట్లే చేయవలెను. ఆ రెండు గుర్తుల నడిమి దూరమే పొడవు. నేల సమముగా లేనిచో పట్టీని మట్టముగా పట్టి కొలువవలెను. ఏ వస్తువునుండి గుండును వ్రేలాడదీయవలెనో గుండు చెప్పదు. దానిని ముందే నిశ్చయించుకొనవలెను.

కావున నెవరైన పడవ పొడవెంత యని యడిగినచో, ఎందుకొఱకు అడుగుచున్నారని మొదట తెలిసికొనవలెను. చోటుకొఱకైనచో గరిష్ఠపు పొడవు, పత్రములకైనచో దేహపు పొడవు, వేగమునకైనచో నీటిమట్టపు పొడవు చెప్పవలెను. పడవ కొనదలచినవాడు అమ్మువానిని గూడ ఇట్లే ప్రశ్నింపవలెను. సంఖ్య సరియైనది యగుట మాత్రమే చాలదు, అది దేనియొక్క సంఖ్యయో చెప్పిననే సత్యము పూర్తియగును. గణితపు పలకమీదను, అంగడి తక్కెడ యొద్దను, జీవితమునందును ఈ నియమము మన విద్యార్థులకు పనికివచ్చునని నమ్ముచున్నాము.